గుర్రపు ప్రదర్శనల్లో ఫొటోగ్రాఫర్‌గా పనిచేయాలంటే ముందు గుర్రాన్ని చదవడం నేర్చుకోవాలి

ఏడేళ్ళుగా పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తున్న మీరు, బెంగళూరులో మీ మేనకోడలు పాల్గొన్న షో జంపింగ్ (గుర్రంమీద అడ్డంకులు దూకే) పోటీకి వెళ్ళి మూడు వందల ఫొటోలు తీశానని, వాటిలో ఒక్కటి కూడా ఆ అమ్మాయికి గానీ ఆమె కోచ్‌కు గానీ నచ్చలేదని, ఎందుకో తెలియడం లేదని రాశారు. ఈ పనిని వృత్తిగా చేపట్టవచ్చా, అందుకు ఏ లెన్స్ కొనాలి అని కూడా అడిగారు. నేను పద్దెనిమిదేళ్ళుగా హైదరాబాద్ నుంచి బయలుదేరి ఢిల్లీ, ముంబయి, బెంగళూరు పోటీలకూ, మార్వారీ గుర్రాల సంతలకూ తిరుగుతూ ఇదే పని చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ మూడు ప్రశ్నల్లో అసలైనది, ఆ ఫొటోలు ఎందుకు నచ్చలేదన్నదే. దానికి జవాబు దొరికితే మిగిలిన రెండూ చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

పెళ్ళి ఫొటోలో చూసేవారి కన్ను మొదట పెళ్ళికూతురి ముఖం మీద పడుతుంది. ముఖం బాగుంటే చీర అంచు కాస్త మడతపడినా ఎవరూ పట్టించుకోరు. గుర్రపు ప్రదర్శనలో ఫొటో కొనేవారు రౌతులు, వారి తల్లిదండ్రులు, కోచ్‌లు, గుర్రాల యజమానులు. వీరి కన్ను మొదట గుర్రం ముందరి కాళ్ళ మీదకు, తర్వాత చెవుల మీదకు, ఆ తర్వాత రౌతు మడమ, చేతులు, నడుము ఉన్న తీరు మీదకు పోతుంది. రౌతు ముఖం అన్నిటికంటే చివర. మీరు రంగులూ వెలుతురూ చక్కగా కుదిరిన ఫొటోనే తీసి ఉండవచ్చు. అయితే అందులో గుర్రం అడ్డంకిని దాటి నేలకు దిగుతూ ఒక ముందరి కాలిమీద బరువంతా మోపి, మెడ కిందికి వంచి, చెవులు పక్కకు వాల్చి ఉంటే, పైనున్న అమ్మాయి ఆ కుదుపుకు ముందుకు తూలి ఉంటే, కోచ్‌కు కనిపించేది ఆ తూలడమే. ఎంత మంచి రౌతైనా దిగే క్షణంలో అలాగే కనిపిస్తుంది. ఆ క్షణాన్ని పట్టి ఇవ్వడం వల్ల ఆ అమ్మాయి చేయని తప్పు చేసినట్టు కనిపిస్తుంది. ఫొటో ఎందుకు నచ్చలేదో వారు మీకు మాటల్లో చెప్పలేకపోయి ఉండవచ్చు, కారణం మాత్రం దాదాపుగా ఇదే అయి ఉంటుంది.

గుర్రం దూకడాన్ని దగ్గరకు రావడం, పైకి లేవడం, గాలిలో ఉండడం, దిగడం అని నాలుగు ఘట్టాలుగా చూడండి. కొనదగిన ఫొటో పైకి లేవడం పూర్తయి గాలిలోని అత్యున్నత స్థానానికి చేరడానికి రవ్వంత ముందు ఉంటుంది. అప్పుడు ముందరి మోకాళ్ళు రెండూ పైకి వచ్చి ఒకదానికొకటి సమానంగా ఉంటాయి, గిట్టలు మోచేతుల కిందికి ముడుచుకుంటాయి, మెడ ముందుకు సాగుతుంది, చెవులు తర్వాతి అడ్డంకి వైపు నిక్కి ఉంటాయి. రౌతు నడుము దగ్గర వంగి, చూపు ముందుకు నిలిపి, చేతులతో గుర్రం మెడకు స్వేచ్ఛ ఇచ్చి ఉంటుంది. ఒకే వరుస పోల్స్‌తో నిట్రంగా ఉండే వర్టికల్ దగ్గర ఈ క్షణం చాలా చిన్నది. ముందూ వెనకా రెండు వరుసలుండే ఆక్సర్ దగ్గర గుర్రం వెడల్పుగా సాగవలసి ఉంటుంది కాబట్టి క్షణం కొంచెం పెద్దది, ఆకారమూ అందంగా వస్తుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారిని నేను ఆక్సర్ దగ్గరే నిలబడమంటాను.

ఈ క్షణాన్ని సెకనుకు ఇరవై ఫ్రేములు తీసే కెమెరా తనంతట తానే పట్టిస్తుందని చాలామంది నమ్ముతారు. కొంతవరకు నిజమే. అయితే ఒక క్లాసులో, అంటే ఒకే స్థాయి రౌతుల పోటీలో, నలభై మంది రౌతులుండి, ఒక్కొక్కరి దగ్గర ఆరు అడ్డంకులకు పదిహేను ఫ్రేముల చొప్పున తీస్తే సాయంత్రానికి 3,600 ఫొటోలు మీ ముందుంటాయి, రోజుకు అలాంటి క్లాసులు నాలుగైదు జరుగుతాయి. ఆ రాత్రికే గ్యాలరీ పెట్టవలసిన మనిషికి అది మోయలేని బరువు. దానికంటే అంగలు లెక్కపెట్టడం నేర్చుకోవడం మేలు. క్యాంటర్‌లో (దౌడు కంటే నెమ్మదైన పరుగులో) ఉన్న గుర్రం వేసే ఒక్కో అంగను కోర్సు, అంటే అడ్డంకుల వరుస, కట్టేవారు సుమారు పన్నెండు అడుగులుగా లెక్కిస్తారు. దిగడానికి ఆరడుగులు, మళ్ళీ లేవడానికి ఆరడుగులు వదులుతారు. కాబట్టి రెండు అడ్డంకుల మధ్య అరవై అడుగుల దూరం ఉంటే, దిగడానికీ లేవడానికీ పోను మధ్యలో నాలుగు అంగలు వస్తాయి. జంట అడ్డంకుల మధ్య ఇరవై నాలుగు అడుగులుంటే ఒకే అంగ. పొట్టి పోనీలకు ఈ లెక్క తగ్గుతుంది, వాటిమీద వచ్చే చిన్నపిల్లలకు ఒక అంగ అదనంగా పడుతుంది. గుర్రం మొదటి అడ్డంకి దాటి దిగగానే మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, ఆ పైన వచ్చే లయకు మీట నొక్కితే రెండు మూడు ఫ్రేముల్లోనే పని అయిపోతుంది. మృదంగం విన్నవారికి ఇది తొందరగా పట్టుబడుతుందని నా అనుభవం. మొదటి రెండు నెలలు కెమెరా పక్కన పెట్టి, చేతిమీద తాళం వేస్తూ చూడండి, మీ చేతి దెబ్బా గుర్రం లేచే క్షణమూ కలిసే వరకు.

ఎక్కడ నిలబడాలన్నది పోటీ మొదలుకావడానికి గంట ముందే తేలిపోవాలి. కోర్సు పటం అరీనా (పోటీ జరిగే మైదానం) ప్రవేశద్వారం దగ్గర అంటిస్తారు. దాన్ని ఫొటో తీసుకుని, రౌతులు కాలినడకన కోర్సు చూసుకునే సమయంలో మీరు బయటనుంచి ఒక చుట్టు తిరగండి. ప్రతి అడ్డంకికీ కుడివైపు ఎర్ర జెండా, ఎడమవైపు తెల్ల జెండా ఉంటాయి. ఈ కుడి ఎడమలు రౌతు వచ్చే వైపునుంచి చూసినవి. కాబట్టి మీరు నిలబడ్డచోట ఎర్ర జెండా మీ ఎడమ చేతివైపు కనిపిస్తే గుర్రం మీకు ఎదురుగా వస్తుందని అర్థం. ఈ చిన్న విషయం తెలియక గుర్రాల వెనుక భాగాలు మాత్రమే తీసి ఇంటికి వెళ్ళిన ఫొటోగ్రాఫర్లను నేను చాలామందిని చూశాను. ఎదురుగా వచ్చే గుర్రానికి ముందువైపు ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో, పాతిక ముప్పై మీటర్ల దూరంలో, మోకాళ్ళమీద కూర్చుని తీయండి. కెమెరా కిందికి దిగితే దూకిన ఎత్తు తెలుస్తుంది, నిలబడి తీస్తే అదే మీటరు అడ్డంకి గడపలా కనిపిస్తుంది. వెనుక ఏముందో చూడండి. పార్కింగులోని కార్లు, గుడారపు తాళ్ళు, మంచినీళ్ళ ట్యాంకరు గుర్రం తలవెనుక పడకుండా రెండడుగులు అటూ ఇటూ జరిగితే చాలు.

ఒకసారి చోటు ఎంచుకున్నాక, ఆ క్లాసులో మొదటి గుర్రం నుంచి చివరి గుర్రం వరకు అక్కడినుంచి కదలకండి. దీనికి రెండు కారణాలున్నాయి. అందరు రౌతులకూ సమానమైన ఫొటో దక్కాలి, ఏడో నంబరుకు మంచి కోణమూ ఎనిమిదో నంబరుకు చెడ్డ కోణమూ వస్తే ఆ తల్లిదండ్రులు మళ్ళీ మీ దగ్గర కొనరు. రెండోది ఇంకా ముఖ్యమైనది, అది గుర్రాల చూపుకు సంబంధించినది.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి అది తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు అంతటినీ చూడగలదు, నుదుటికి సరిగ్గా ఎదురుగా కొంచెం మేర, తోకకు సరిగ్గా వెనుక కొంచెం మేర తప్ప. అది వేటకు గురయ్యే జంతువు. పొదమాటున నక్కిన ఆకారం ఒక్కసారిగా లేస్తే పారిపోవడం దాని రక్తంలోనే ఉంది. కంచె పక్కన మోకాళ్ళమీద కూర్చున్న ఫొటోగ్రాఫర్ అకస్మాత్తుగా లేవడం దానికి సరిగ్గా అలాగే కనిపిస్తుంది. ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను ఈ పనిలోకి వచ్చిన రెండో సంవత్సరంలో ఒక క్లబ్ స్థాయి పోటీలో, మెమరీ కార్డు నిండిపోయిందని, ఒక పోనీ అడ్డంకికి రెండు అంగల దూరంలో ఉండగా లేచి నిలబడ్డాను. పోనీ అక్కడికక్కడే మొరాయించింది. పదకొండేళ్ళ బాబు దాని మెడమీదుగా ముందుకు జారి ఇసుకలో పడ్డాడు. వాడికి దెబ్బ తగల్లేదు గానీ మొరాయించినందుకు నాలుగు పెనాల్టీ పాయింట్లు ఎలాగూ పడేవి, కిందపడినందుకు పోటీనుంచే తప్పించారు. నావల్ల జరిగిందని నిర్వాహకులకు చెప్పి, ఆ కుటుంబాన్ని కలిసి క్షమాపణ అడిగాను. ఆ బాబు ఆ పోటీకోసం ఏడాదిగా సాధన చేశాడని అప్పుడు తెలిసింది. ఆనాటినుంచి కార్డు సగం ఖాళీగా ఉన్నా క్లాసు మొదలుకాకముందే కొత్తది పెడతాను, అరీనాలో గుర్రం ఉన్నంతసేపూ ఊపిరి తప్ప ఇంకేమీ కదలనివ్వను.

ఈ కారణంగానే ఫ్లాష్ వాడకూడదు, ఎవరైనా అనుమతించినా సరే. సంచికి ఉండే వెల్క్రో పట్టీని గుర్రం దగ్గరగా ఉన్నప్పుడు చప్పుడయ్యేలా లాగకూడదు, గొడుగు తెరవకూడదు, కెమెరామీద గాలికి రెపరెపలాడే తెల్లటి ప్లాస్టిక్ కవరు కప్పకూడదు. డ్రోన్ అసలు మాటే వద్దు. గుర్రాలను సిద్ధంచేసే వార్మప్ మైదానంలో వెనుకనుంచి ఏ గుర్రాన్నీ సమీపించకండి, దాటవలసి వస్తే నాలుగు మీటర్ల దూరం వదిలి దాటండి. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే ఆ గుర్రం తన్నుతుందని హెచ్చరిక. రౌతును పడేసి ఒంటరిగా పరుగెత్తుతున్న గుర్రం మీవైపు వస్తే ఫొటో తీస్తూ దాని దారికి అడ్డం ఉండకండి, అలాగని పరుగూ తీయకండి. కంచెకు ఆనుకుని నిశ్చలంగా నిలబడండి.

గుర్రంచేత నిర్ణీత నడకలూ కదలికలూ చేయించి చూపే డ్రెస్సాజ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఏ అడ్డంకీ ఉండదు కాబట్టి కొత్త ఫొటోగ్రాఫర్‌కు ఏ క్షణాన నొక్కాలో అసలు అర్థం కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత గుర్రపు స్వారీలో దేశానికి వచ్చిన మొదటి స్వర్ణం అదే. ఆ తర్వాత ఈ క్లాసులకు వచ్చే పిల్లల సంఖ్య పెరగడం నేను కళ్ళారా చూస్తున్నాను, కాబట్టి మీకు ఇక్కడ పని దొరుకుతుంది. అరీనా 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉంటుంది, చుట్టూ అక్షరాల పలకలుంటాయి. రౌతు ఏ అక్షరం దగ్గర ఏం చేయాలో ముందే రాసి ఉన్న పత్రాన్ని టెస్టు షీట్ అంటారు. అది ముందురోజే సంపాదించి చదవండి. హెచ్ అక్షరం నుంచి మధ్యనున్న ఎక్స్ మీదుగా ఎఫ్ అక్షరానికి సాగే ట్రాట్ (నడకకూ క్యాంటర్‌కూ మధ్యస్థమైన పరుగు) ఉందని తెలిస్తే, ఎఫ్ మూలకు బయట, పలకలకు దూరంగా కూర్చుంటే గుర్రం మీకు నేరుగా ఏటవాలుగా ఎదురొస్తుంది.

ట్రాట్‌లో ఒక ముందరి కాలూ దానికి ఎదురుమూలనున్న వెనుక కాలూ కలిసి కదులుతాయి, ఒక జంట దిగి రెండో జంట లేచేలోపు నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే క్షణం ఒకటి వస్తుంది. గుర్రం నాలుగు గిట్టలూ ఒకేసారి నేలను వదులుతాయా అన్న వాదన తేల్చడానికే 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలు వరుసగా నిలిపి దౌడు తీస్తున్న గుర్రాన్ని ఫొటోలు తీశాడు. దౌడులో గుర్రం గాలిలో ఉండేది కాళ్ళు చాచినప్పుడు కాదనీ, పొట్టకిందికి ముడుచుకున్నప్పుడనీ ఆ ఫొటోలు చూపాయి. అంతవరకు చిత్రకారులు వేసిన బొమ్మలు తప్పని తేలింది. కాలి గమనాన్ని కంటితో ఊహించలేమని మన వృత్తికి తొలి పాఠం అక్కడే దొరికింది. డ్రెస్సాజ్ రౌతులు కోరే ఫొటోలో ముందుకు చాచిన ముందరి కాలూ, దానికి జంటగా కదిలే వెనుక కాలూ మోకాలి కింద ఒకే వాలులో, సమాంతరంగా కనిపించాలి. ముందరి కాలు ఎంత అందంగా చాచినా వెనుక కాలు వెనకబడి ఉంటే, అది బలవంతంగా రాబట్టిన నడక అని న్యాయనిర్ణేతలకు తెలిసిపోతుంది. రెండు చెవుల మధ్య నడినెత్తి మెడలో అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి, నుదుటినుంచి ముక్కువరకు గీసిన గీత నేలకు నిట్రంగానో కొంచెం ముందుకు వాలిగానో ఉండాలి. ముక్కు ఛాతీవైపు లోపలికి వచ్చి ఉన్న ఫొటోను దయచేసి బయటపెట్టకండి. అది ఒక్క క్షణపు దోషం కావచ్చు, చూసినవారు మాత్రం ఆ రౌతు గుర్రాన్ని పగ్గాలతో హింసిస్తోందనుకుంటారు. మొదట్లోనూ చివర్లోనూ గుర్రాన్ని ఆపి రౌతు వందనం చేసే చోట మాత్రం ఎవరైనా ఒక మంచి ఫొటో సంపాదించవచ్చు. గుర్రం నాలుగు కాళ్ళూ చతురస్రంగా మోపి నిలబడిందో లేదో చూసి నొక్కండి.

జాతి గుర్రాల ప్రదర్శనలు పూర్తిగా వేరే లోకం. మార్గశిర పౌర్ణమినాడు దత్త జయంతికి మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో, తాపీ నది ఒడ్డున జరిగే గుర్రాల సంతకు ఒక్కసారైనా వెళ్ళండి. అక్కడా, కార్తీక పౌర్ణమికి పుష్కర్‌లోనూ, మాఘీ పండుగకు పంజాబ్‌లోని ముక్త్‌సర్‌లోనూ కొనేవారూ అమ్మేవారూ పోటీపడేవారూ అందరూ ఒకేచోట ఉంటారు. అక్కడ యజమానులు నుక్రా అంటే గులాబీ చర్మం మీద తెల్లని గుర్రమనీ, కుమైత్ అంటే నల్లని జూలు, తోకతో ఎర్రగోధుమ రంగులో ఉండేదనీ, అబ్‌లక్ అంటే మచ్చలదనీ తెలుసుకోకుండా వెళితే మీతో మాట కలిపేవారుండరు. మార్వారీ, కాఠియావాడీ అనే దేశీ జాతుల గుర్రాల అందమంతా లోపలికి వంగి కొనలు తాకే ఆ చెవుల్లోనే ఉంది. నేరుగా పక్కనుంచి తీస్తే రెండు చెవులూ ఒకటిగా కలిసిపోయి ఆ అందం పోతుంది. ముఖం ఫొటోను ఎదురునుంచో, కొంచెం ఏటవాలుగానో తీయాలి. రేవాల్ అనే వాటి ప్రత్యేకమైన నడకకు ఫొటో కంటే వీడియోనే న్యాయం చేస్తుంది, అది యజమానికి ముందే చెప్పేయండి.

నిలబెట్టి తీసే పూర్తి ఆకారపు ఫొటోకు ఒక శాస్త్రముంది. మీవైపున్న ముందరి కాలు నిట్రంగా, అవతలిది కొంచెం వెనక్కు ఉండాలి. మీవైపున్న వెనుక కాలు కొంచెం వెనక్కు, అవతలిది కొంచెం ముందుకు ఉండాలి. అప్పుడే నాలుగు కాళ్ళూ విడివిడిగా కనిపిస్తాయి. కెమెరా గుర్రం పొట్ట మధ్య ఎత్తులో, శరీరానికి సరిగ్గా లంబంగా, పది పన్నెండు మీటర్ల దూరంలో, 135 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఉండాలి. సెల్‌ఫోన్‌తో దగ్గరగా తీస్తే తల పెద్దదై తుంటి చిన్నదై గుర్రం గాడిదలా కనిపిస్తుందని యజమానులే వాపోతుంటారు. నేల చదునుగా, గడ్డి పొట్టిగా ఉన్నచోట, గిట్టలు కనిపించేలా నిలబెట్టమనండి. చెవులు నిక్కించడానికి సాయిస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) వెనుకనుంచి దాణా డబ్బా ఆడిస్తాడు. పది నిమిషాలు దాటితే గుర్రానికి విసుగొచ్చి డబ్బా చప్పుడుకూ స్పందించదు, కాబట్టి కాళ్ళు కుదిరేవరకు డబ్బా ఆడించనివ్వకండి.

ఇక్కడే సుడుల సంగతీ వస్తుంది. ఎద్దుల సంతలో సుడులు చూసినట్టే గుర్రాలకూ చూస్తారు, ఫలానాచోట సుడి ఉంటే మంచిదని, ఫలానాచోట ఉంటే కాదని కొనేవారు లక్షల రూపాయల తేడాతో బేరమాడతారు. ఒక సుడిని కంప్యూటర్‌లో చెరిపేయమని, కాలి మీది పాత గాయపు మచ్చను తీసేయమని నన్ను చాలామంది అడిగారు. సుడుల ఫలాలను నేను నమ్మను, అయినా అమ్మకపు ఫొటోలో శరీర లక్షణాన్ని మార్చడం మోసం. దుమ్ము తుడవవచ్చు, ముఖాన వాలిన ఈగలను తీసేయవచ్చు, మోకు కొంత చెరపవచ్చు. ఎముక, కండ, గాయం, సుడి ముట్టుకోకూడదు. ఈ నియమం వల్ల కొన్ని బేరాలు పోయినా, నా ఫొటో చూసి దూరంనుంచి బయానా పంపేవారు ఇవాళ ఉన్నారు.

ఇక మీరడిగిన లెన్స్. 70-200 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 ఒక్కటి ఉంటే మొదటి మూడేళ్ళు గడిచిపోతాయి, పెళ్ళిళ్ళకు మీ దగ్గర అది ఇప్పటికే ఉండి ఉంటుంది. పెద్ద మైదానాలకు 100-400 తర్వాత కొనుక్కోవచ్చు. దూకడానికి సెకనులో 1,600వ వంతు, డ్రెస్సాజ్‌కు 1,000వ వంతు షట్టర్ వేగం చాలు. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఎండలో మీ అరచేతిని తీసి చూసుకుని ఆ వెలుతురుకు స్థిరపరచండి. ఆటోలో వదిలితే నల్ల గుర్రం వచ్చినప్పుడు ఇసుక తెల్లబడిపోతుంది, నుక్రా వచ్చినప్పుడు గుర్రం బూడిదరంగుకు తిరుగుతుంది. చప్పుడులేని ఎలక్ట్రానిక్ షట్టర్ గుర్రాలకు మంచిదే గానీ, కొన్ని కెమెరాల్లో పోల్స్, కాళ్ళు వంకరగా పడతాయి, కాబట్టి ముందే పరీక్షించుకోండి. ఢిల్లీలో డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు వల్ల తొమ్మిదివరకు ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) బాగా పెంచక తప్పదు.

డబ్బు విషయం. దీన్ని వృత్తిగా చేయవచ్చు, కాని మన తెలుగు రాష్ట్రాల్లోని పోటీలతోనే ఏడాది గడవదు, సీజన్ ప్రధానంగా చలికాలమే. నా ఆదాయంలో పోటీలనుంచి వచ్చేది సగంకంటే తక్కువ. మిగిలినది గుర్రాలశాలల యజమానులకు తీసే ఆకార ఫొటోలు, రైడింగ్ స్కూళ్ళ ప్రచార ఫొటోలనుంచి వస్తుంది. కాబట్టి పెళ్ళిళ్ళు ఇప్పుడే మానకండి. పోటీలో రెండు పద్ధతులున్నాయి. నిర్వాహకులే రోజుకింతని ఇచ్చి ఫొటోలన్నీ తీసుకోవడం ఒకటి, వారు ఏమీ ఇవ్వకుండా మీకు అధికారిక ఫొటోగ్రాఫర్‌గా అనుమతినిచ్చి రౌతులకు అమ్ముకోమనడం రెండోది. ఏదైనా ముందే కాగితం మీద రాసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు ప్రతిఫలమిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి యజమాని అవుతారు. ఇది తెలియక ఒక నిర్వాహక సంఘానికి నోటిమాట మీద పనిచేశాను. నా ఫొటోలు తర్వాత రెండేళ్ళు ఒక దాణా ప్రకటనలో కనిపించాయి, నేను అడగగలిగింది ఏమీ లేకపోయింది. ఇప్పుడు నా ఒప్పందంలో ఎవరు ఎక్కడ ఎంతకాలం వాడవచ్చో ఒక పేరా తప్పక ఉంటుంది.

అమ్మకం వేగంతో ముడిపడి ఉంది. బహుమతి రిబ్బను గెలిచిన రోజు రాత్రి తల్లిదండ్రులు కొనే ఫొటోను పదిరోజుల తర్వాత చూపిస్తే కొనరు. ప్రారంభ క్రమపట్టిక చేతిలో పెట్టుకుని, ప్రతి రౌతు లోపలికి రాగానే ముందుగా గుర్రం నంబరును ఒక ఫ్రేము తీయండి, రాత్రి వేరుచేయడానికి అది దారి చూపిస్తుంది. గంట మోగాక రౌతు మొదలుపెట్టడానికి 45 సెకన్లు ఉంటాయి కాబట్టి ఆ ఫ్రేముకు సమయం సరిపోతుంది. ఒక్కొక్కరికి ఆరేడు ఫొటోలకు మించి పెట్టకండి. తూలినవి, మొరాయించినవి, పడినవి గ్యాలరీలో ఉండకూడదు. పడిపోయిన ఫొటోలు వాట్సాప్‌లో ఎక్కువగా తిరుగుతాయని కొందరు పెడతారు, అవి పిల్లల ఫొటోలని మర్చిపోతారు. పోటీదారుల్లో చాలామంది పద్దెనిమిదేళ్ళలోపువారే కాబట్టి పేరూ స్కూలూ కలిపి బహిరంగంగా పెట్టేముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి.

సాయిస్‌లను గుర్తుపెట్టుకోండి. ఏ గుర్రం దేనికి బెదురుతుందో, ఏ వైపునుంచి తీస్తే మూపు బాగా కనిపిస్తుందో వారికి తెలిసినంతగా యజమానికీ తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి జూలు జడలల్లే ఆ మనుషుల ఫొటో ఎవరూ తీయరు. ప్రతి పోటీలోనూ ఇద్దరు ముగ్గురు సాయిస్‌లను వారి గుర్రాలతో తీసి, ప్రింటు వేయించి మళ్ళీ పోటీకి వెళ్ళినప్పుడు చేతికిస్తాను. నుదుటికి నుదురు ఆనించి నిలబడ్డ ఒక సాయిస్, అతని ముసలి గుర్రం ఉన్న ఫొటో నా గదిలో పదేళ్ళుగా ఉంది, నేను తీసిన వాటిలో దానికంటే మంచిది లేదనుకుంటాను.

మొదలుపెట్టడానికి మీకు దగ్గరలో హైదరాబాద్ రైడింగ్ స్కూళ్ళున్నాయి. వారాంతపు ఉదయం తరగతులకు అనుమతి అడిగి, ఆరువారాలు డబ్బు తీసుకోకుండా తీసి, ప్రతిసారీ పది ఫొటోలు కోచ్‌కు చూపించి ఏది ఎందుకు బాగాలేదో చెప్పించుకోండి. వీలైతే నెలరోజులు మీరే స్వారీ నేర్చుకోండి. జీనుమీద కూర్చుని ఆ ట్రాట్ కుదుపు ఒక్కసారి నడుముకు తెలిస్తే, బయటనుంచి చూసినప్పుడు ఏ క్షణంలో రౌతు స్థిరంగా ఉంటుందో మీ వేలికి తెలుస్తుంది.

ఈలోగా ఆ మూడు వందల ఫొటోలను చెరిపేయకండి. మళ్ళీ ఒకసారి తెరిచి, అమ్మాయి ముఖాన్ని చూడకుండా, గుర్రం ముందరి మోకాళ్ళు రెండూ సమానంగా ముడుచుకుని చెవులు ముందుకు నిక్కి ఉన్న ఫ్రేముల కోసం మాత్రమే వెతకండి. వరుసగా తీసినవాటిలో మీరు ఎంచుకున్నదానికి ఒకటి రెండు ఫ్రేముల ముందు అది ఉండే అవకాశం ఎక్కువ. దొరికితే మీ మేనకోడలికి కాకుండా ముందు ఆమె కోచ్‌కు పంపి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.